చేపలు పడ్డాక

ఓస్టెండ్ రేవు వెనక సందులో మా తాళ్ళ దుకాణం.
తారు వాసనకు అలవాటుపడ్డ ముక్కు నాది,
తెరల వెలుగుకు ఇంకా అలవాటుపడని కళ్ళు.

జనవరి ఒకటి నుంచి కాగితం బిల్లు చెల్లదట.
ఆ సంగతి చెప్పే ఉత్తరం అక్టోబరులో వచ్చింది,
కాగితం మీదే.
చదివి, మైనం డబ్బా కింద పెట్టి
మరిచిపోవడానికి శాయశక్తులా ప్రయత్నించాను.

డిసెంబరు పద్దెనిమిదిన, జోరువానలో,
లెక్కలు చూసే సెప్పె వచ్చాడు
ల్యాప్‌టాప్‌ని చంటిపిల్లలా కోటులో పొదువుకుని.
"గోడెలీవ్, ఇక రెండు వారాలే" అన్నాడు
గుమ్మం దాటకుండానే.

"బిల్లు ఫొటో తీసి పంపితే?"
"చాలదు."
"పీడీఎఫ్?"
"అదీ బొమ్మే. మనిషి చదువుతాడు, యంత్రం చదవదు."
ఇన్నాళ్ళూ చదివింది మనుషులే కదా, అనబోయి
నాన్న చేతిరాత గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.
ఆయన ఏడును ఒకటనుకుని
ఏ పడవ ఎంత మిగుల్చుకుందో
దేవుడి దగ్గర కూడా పద్దు లేదు.

బల్ల మీద చివరి బిల్లు పుస్తకం.
తెల్లది కొన్నవాడికి, పసుపుది లెక్కలకు,
గులాబీ నాకు. మధ్యలో కార్బన్లు.
అదీ మూడు పేటల తాడే,
ఒకటి తెగినా తక్కినవి పట్టి ఉంచేవి.
సెప్పె దాన్ని పక్కకు జరిపాడు
భోజనాల బల్ల మీంచి పిల్లిని జరిపినట్టు.

ముందు ఖాతాదారుల పేర్లు ఎక్కించాలి.
నా పుస్తకంలో పేర్లు ఇలా ఉంటాయి:
పచ్చ పడవ.
మెల్లకన్ను తమ్ముడు.
ముందే డబ్బిచ్చే ఆమె.
"వీళ్ళకు నంబర్లుంటాయి" అన్నాడు సెప్పె.
ఉన్నాయి. సాయంత్రమంతా ఫోన్లు చేశాం.
ముప్పై ఏళ్ళుగా నేను పచ్చ పడవ అంటున్నది
రికార్డుల్లో మార్తా అండ్ సన్స్ అట.
మార్తా ఎవరో వాళ్ళకూ తెలీదు.

ఇక ఫిర్మిన్.
నూట ఇరవై మీటర్ల నైలాన్ తాడు, నాలుగు కొక్కేలు.
ధర వేశాం. పన్ను అదే వేసుకుంది.
పంపు అని నొక్కితే ఎర్రగీత:
గడువు తేదీ లేదు.

లేదు మరి. ఎప్పుడూ లేదు.
వాళ్ళ నాన్న మా నాన్నతో అన్న మాట ఒక్కటే,
చేపలు పడ్డాక.
ఆ గడిలో నాన్న చిన్న గీత గీసేవాడు,
నేనూ అదే గీస్తూ వచ్చాను.
పడినప్పుడు ఇచ్చారు. పడని ఏడు ఇవ్వలేదు,
పై ఏడు రెండూ కలిపి
సంచిలో చిల్లరతో సహా తెచ్చి గుమ్మరించారు.

"ఏదో ఒకటి వెయ్యండి. నెలాఖరు."
వేలు మీట మీద పెట్టాను. దిగలేదు.
తేదీ వేస్తే
దాని మర్నాటి నుంచి ఫిర్మిన్ ఎగవేతదారు.
ఆ మాట రాయాల్సింది నా వేలే.

సెప్పె గోరు కొరుకుతూ తెరకేసి చూశాడు.
కుర్రాడే గానీ బండరాయి కాదు.
వెతికి వెతికి ఎక్కడో అడుగున ఇంకో గడి తెరిచాడు:
చెల్లింపు షరతులు.
"ఇక్కడ మాటలు రాయొచ్చు.
ఇది నింపితే తేదీ అడగదు."

రాశాను. రెండు వేళ్ళతో, అక్షరానికో ఊపిరి.
చేపలు పడ్డాక.
యంత్రం చదివింది.
కిక్కురుమనకుండా ఆకుపచ్చ టిక్కు పెట్టింది.

మర్నాడు తెల్లారకముందే ఫిర్మిన్ ఫోను,
వెనక ఇంజను రొద, గాలి.
"నువ్వు పంపింది వచ్చింది!
ఇన్ని నంబర్లు వేసినవాళ్ళు
ఎప్పుడు పడతాయో కూడా వేసి ఉండాలే?
మా ఆవిడ చివరిదాకా వెతుకుతోంది."

అలవాటు చొప్పున గులాబీ కాగితం మీద
గీత గీస్తున్నాను అప్పటికి.
"ఇంకా కిందికి చూడమను" అన్నాను.